కొత్త లేఅవుట్‌లో కార్లు, సామాన్ల బండ్లు, సైకిళ్ళు: దేనికెంత చోటు ఇవ్వాలి, ఎక్కడ ఇవ్వాలి?

రేగడినేల (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. తుళ్ళూరు దగ్గర ల్యాండ్ పూలింగ్‌లో వచ్చిన రిటర్నబుల్ ప్లాట్లు (రాజధానికి భూములిచ్చినందుకు ప్రభుత్వం తిరిగి ఇచ్చినవి) కలుపుకుని కొందరు రైతులు ఒక ప్రాజెక్టు కట్టుకుందామని మా ఆఫీసుకు వచ్చారు. రోడ్డు వైపు కింద షాపులు, పైన ఫ్లాట్లు, వెనక చిన్న ఆఫీసు బ్లాకు. డ్రాయింగుల పని నాది. ఎలివేషన్ గురించి బోలెడు చర్చ జరిగింది. పార్కింగ్ గురించి మాత్రం ఒకటే మాట, "రూలు ప్రకారం ఎంత కావాలో అంత చూపించండి" అని.

రూలు ప్రకారం చూపించడం పెద్ద పని కాదు. మొత్తం బిల్టప్ ఏరియాలో ఇంత శాతం అని ఉంటుంది, అంత చూపిస్తే ప్లాన్ పాసవుతుంది. ఆ చోటు ఏ బండికి, గుమ్మానికి ఎంత దూరంలో, దానికి దారెటు అనేది శాతం చెప్పదు కదా. సెల్లార్ తవ్వాలా వద్దా అన్నది మొదటి సందేహం. అక్కడిది నల్లరేగడి, కృష్ణ పక్కనే, నీళ్ళు పైపైనే ఉంటాయి. షాపులకు సరుకు తెచ్చే బండి ఎక్కడ ఆగాలన్నది రెండోది. ఇక సైకిళ్ళకు ఒక గది ఇద్దామంటే "ఇప్పుడు సైకిల్ ఎవరు తొక్కుతున్నారు బాబూ" అంటున్నారు. ఇళ్ళలో ఉండేవాళ్ళు, కట్టేవాళ్ళు, అనుభవమున్న పెద్దలు చెప్పండి. గోడలు లేచాక మార్చలేం, ఇప్పుడైతే రబ్బరు పెట్టి చెరిపేయొచ్చు.

కూకట్‌పల్లి కార్యదర్శి

సెల్లార్ గురించి నేను చెబుతాను. మా అపార్ట్‌మెంట్‌కు రెండు సెల్లార్లు ఉన్నాయి, నేను అసోసియేషన్ పని చూస్తున్నాను. కింది సెల్లార్‌లో ఊట నీళ్ళు తోడే మోటారు వానాకాలమంతా నడుస్తూనే ఉంటుంది. ఆ కరెంటు బిల్లు, మోటారు రిపేరు అందరి మెయింటెనెన్స్‌లోనే కలుస్తాయి. కారు లేని ముసలి దంపతులు కూడా కడుతున్నారు. నాకు అది న్యాయంగా అనిపించదు, కానీ బైలాలో అలాగే రాసి ఉంది.

టూవీలర్లు సెల్లార్‌లోకి దిగవు, ఇది రాసిపెట్టుకోండి. ర్యాంపు ఏటవాలు, వానకు జారుడు, వెనక పిల్లలు కూర్చుని ఉంటారు. అందుకే బండ్లన్నీ గేటు పక్కనే వరసగా నిలబెడతారు. సందర్శకుల కోసమని వదిలిన చోట రెండో కారు ఉన్నవాళ్ళు పెట్టేశారు. చుట్టాలొస్తే రోడ్డు మీదే.

అన్నింటికంటే పెద్ద తలనొప్పి ఇల్లు మారే రోజు. సామాన్ల డీసీఎం వస్తుంది. మా స్టిల్ట్ (స్తంభాల మధ్య బండ్లు పెట్టుకునే కింది అంతస్తు) ఎత్తు అంతంత మాత్రం, బీరువాలు పేర్చిన డీసీఎం 3 మీటర్లు దాటుతుంది, లోపలికి రాదు. రోడ్డు మీద ఆపితే వెనక స్కూలు బస్సు, హారన్లు, గొడవ. సామాను దింపాక గేటు నుంచి లిఫ్టు దాకా మోయాలి. మధ్యలో లాబీకి ముందు ఆరంగుళాల మెట్టు ఒకటి. ఫ్రిజ్ పెట్టిన ట్రాలీ సరిగ్గా అక్కడ ఆగిపోతుంది, నలుగురు కలిసి ఎత్తాలి. ఆ మెట్టు అంచు మీద గ్రానైట్ ఇప్పటికే పగిలి సిమెంటు పూసి ఉంది. ఇల్లు మారే ప్రతివాళ్ళూ దానికి తగిలించినవాళ్ళే. దయచేసి మీ డ్రాయింగులో బండి ఆగే చోటు నుంచి లిఫ్టు తలుపు దాకా ఒక్క మెట్టు కూడా లేకుండా చూడండి. వీల్‌చైర్‌కూ అదే పనికొస్తుంది.

డెలివరీ బండి

సర్, నేను బండి మీద ఆర్డర్లు ఇస్తాను. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో మా గురించి ఎవరూ ఆలోచించలేదు. గేటు బయట బండి పెట్టమంటారు, అక్కడ ఫుట్‌పాత్ తప్ప చోటుండదు, ఫుట్‌పాత్ మీద పెడితే చలానా. లోపలికి నడిచి వెళ్తే ఏ టవర్ ఏదో బోర్డు కనిపించదు. పది నిమిషాల్లో ఇవ్వాల్సిన ఆర్డరులో సగం టైము గేటు దగ్గరే అయిపోతుంది.

మాకు కావాల్సింది పెద్దదేం కాదు. గేటు లోపల, సెక్యూరిటీ మనిషికి కనపడేలా ఏడెనిమిది బండ్లు ఆగే చోటు, పైన నీడ. కూరగాయలూ పాలూ తెచ్చే టాటా ఏస్‌కు ఒక చోటు. గ్యాస్ సిలిండర్ల ఆటో కూడా అక్కడే ఆగొచ్చు. టవర్ నంబరు పెద్ద అక్షరాల్లో గోడ మీద రాయించండి. వీలైతే ఒక కుళాయి.

పునాది

బిల్డర్‌గా నా మాట కూడా వినండి. ఫ్లాట్ చూడటానికి వచ్చినవాళ్ళ మొదటి ప్రశ్న వాస్తు, రెండోది కారు పార్కింగ్. రెండు పడకగదుల ఫ్లాట్‌కు కూడా రెండు కార్లు అడుగుతున్నారు. "సైకిల్ గది ఇస్తున్నాం, పార్కింగ్ ఒకటే" అంటే లేచి వెళ్ళిపోతారు. బ్యాంకు లోన్ మీద కడుతున్నప్పుడు అమ్ముడుపోని ఫ్లాట్ ఒక్కటైనా నెలనెలా వడ్డీ తింటుంది. ఆదర్శాలు నాకూ ఇష్టమే. కానీ ఆ రైతులు తమ భూమి పెట్టి కడుతున్నారు, ప్రయోగాలు చేసే స్తోమత వాళ్ళకు లేదు.

అయితే సెల్లార్ విషయంలో కార్యదర్శి గారితో ఏకీభవిస్తాను. రేగడిలో తవ్వితే రిటైనింగ్ వాల్, వాటర్‌ప్రూఫింగ్, నీళ్ళు తోడటం అన్నీ కలిసి లెక్క తారుమారవుతుంది. స్టిల్ట్‌తో సరిపెట్టుకోండి, చాలకపోతే పైన పోడియం, అంటే షాపుల కప్పు మీద బండ్లు నిలిచే అంతస్తు, వేయండి.

రిటైర్డ్ టీపీఓ

చర్చ బాగుంది. టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి రూల్స్ వైపు నుంచి కొంత చెబుతాను. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168, ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వచ్చిన జీవో 119, రెండింటిలోనూ పార్కింగ్‌ను బిల్టప్ ఏరియాలో శాతంగానే లెక్కగడతారు. 168లో సందర్శకులకు అదనంగా కనీసం 10 శాతం చూపించాలని ఉంది. చూపించడం వరకు అందరూ చూపిస్తారు. తర్వాత దాన్ని కాపాడాల్సింది అసోసియేషనే.

ఢిల్లీ మాస్టర్ ప్లాన్‌లో ఇంకో పద్ధతి ఉంది, దాన్ని ఈసీఎస్ (ఈక్వివలెంట్ కార్ స్పేస్) అంటారు. ఒక కారుకు కావాల్సిన మొత్తం చోటు, అంటే కారు నిలిచే గడితో పాటు అది తిరిగే దారి కూడా కలిపి లెక్క. ఆరుబయట అయితే 23 చదరపు మీటర్లు, గ్రౌండ్ ఫ్లోర్‌లో కప్పు కింద 28, సెల్లార్‌లో 32. ఆ 32 చదరపు మీటర్లంటే దాదాపు 344 చదరపు అడుగులు. పునాది గారూ, రెండు కార్లంటే 688 చదరపు అడుగులు. ఒక చిన్న కుటుంబం కాపురం చేసే చోటది. ఆ ఖర్చు ఫ్లాట్ ధరలో కలిసిపోయి కనపడదు, అందుకే కొనేవాళ్ళు రెండు అడుగుతారు. విడిగా అద్దె ఉంటే ఎంతమంది అడుగుతారో చూడండి.

అయితే ఇక్కడొక చిక్కుంది. స్టిల్ట్ పార్కింగ్‌ను బిల్డర్ విడిగా అమ్ముకోవడం కుదరదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మహారాష్ట్ర చట్టం కింద వచ్చిన ముంబయి కేసు, నహల్‌చంద్ లాలూచంద్ కేసంటారు. స్టిల్ట్ అందరి ఉమ్మడి ఆస్తి అన్నది దాని సారాంశం. కాబట్టి అమ్మకం మాట పక్కన పెట్టండి. మొదటి కారుకు చోటిచ్చి, రెండో కారుకు అసోసియేషన్ నెలవారీ రుసుము పెట్టుకునేలా మీ లాయరుతో బైలా రాయించండి. జపాన్‌లో 1962 నుంచీ ఒక చట్టం ఉంది. కారు పెట్టుకోవడానికి ఇంటికి దగ్గర్లో చోటుందని పోలీసుల దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే కారు కొనాలి. ఇప్పుడు ఆ దూరం 2 కిలోమీటర్లు. చోటు చూపించే బాధ్యత కారు కొన్నవాడిదే.

ఉట్రెక్ట్ నుంచి

నేను నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను. మా పక్కనే హౌటెన్ అని ఒక ఊరుంది. 1960ల్లో చిన్న పల్లె. దాన్ని కొత్త పట్టణంగా పెంచాలని ప్రభుత్వం నిర్ణయించాక రాబ్ డెర్క్స్ అనే ఆర్కిటెక్ట్ ఒక ప్లాన్ గీశారు. ఊరి చుట్టూ రింగు రోడ్డు వేశారు. ఒక పేట నుంచి ఇంకో పేటకు కారులో వెళ్ళాలంటే బయటికొచ్చి, రింగు రోడ్డు చుట్టి మళ్ళీ లోపలికి పోవాలి. సైకిల్ మీదైతే ఊరి మధ్యలోంచి తిన్నగా వెళ్ళిపోవచ్చు. కారును ఎవరూ నిషేధించలేదు, దగ్గరి దారి సైకిల్‌కిచ్చారంతే. బడి, స్టేషన్, బజారు అన్నీ ఆ సైకిల్ దారి మీదే ఉంటాయి. రైల్వే ప్లాట్‌ఫారాల కిందే 3000కు పైగా సైకిళ్ళు పెట్టుకునే చోటుంది. సైకిల్ దిగి మెట్లెక్కితే రైలే.

ఇంకొకటి, మీ డ్రాయింగుకు నేరుగా పనికొచ్చేది. ఇక్కడ 2012 బిల్డింగ్ రూల్స్‌లో కొత్త ఇంటికి సామాన్లూ సైకిళ్ళూ పెట్టుకునే గది ఒకటి తప్పనిసరి చేశారు. కనీసం 5 చదరపు మీటర్లు, 1.8 మీటర్ల వెడల్పు, 2.3 మీటర్ల ఎత్తు. అంతకుముందూ ఆ నిబంధన ఉండేది, 2003లో ఎత్తేశారు. తొమ్మిదేళ్ళకు మళ్ళీ తెచ్చారు. సైకిళ్ళ దేశంలో కూడా రూలు లేకపోతే బిల్డర్లు ఆ గది వదిలేస్తారన్న మాట.

పునాది

ఉట్రెక్ట్ సోదరా, మీ దగ్గర మే నెలలో విజయవాడ ఎండ ఉందా? రోహిణి కార్తెలో ఇక్కడ మధ్యాహ్నం బయటికొస్తే నేల మీద కాలు పెట్టలేం. ఏసీ కారు విలాసం కాదు, కొందరికి ఆరోగ్యం కోసం అవసరం. ఆ రింగు రోడ్డు ప్లాన్ ఒక ఊరు మొత్తాన్ని ప్రభుత్వం గీసినప్పుడు కుదురుతుంది. ఒక ప్రాజెక్టు కట్టుకునేవాళ్ళకు కాంపౌండ్ వాల్ దాకానే హక్కు.

ఉట్రెక్ట్ నుంచి

ఎండ సంగతి ఒప్పుకుంటానన్నా. అందుకే నీడ కావాలంటున్నాను. మే మధ్యాహ్నం ఎవరూ తొక్కరు, నిజమే. కానీ ఉదయం ఏడింటికి ట్యూషన్‌కు వెళ్ళే పిల్లలు, సాయంత్రం పాల ప్యాకెట్‌కు వెళ్ళేవాళ్ళు తొక్కుతారు. కాంపౌండ్ లోపల సైకిల్ ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది మీరే, దానికి ప్రభుత్వం అక్కర్లేదు.

మిల్టన్ కీన్స్ తెలుగు

నేను ఇంగ్లండ్‌లో ఇంకో కొత్త పట్టణంలో ఉంటున్నాను, మిల్టన్ కీన్స్. 1967లో కొత్త పట్టణంగా ప్రకటించి కట్టారు. దాదాపు కిలోమీటరుకొక పెద్ద రోడ్డు, నిలువూ అడ్డంగా. వాటికి దూరంగా సైకిళ్ళకూ పాదచారులకూ ఎర్ర తారు దారులు, వాటిని రెడ్‌వే అంటారు. పెద్ద రోడ్డు కింద నుంచి సొరంగ దారులున్నాయి, కాబట్టి కార్ల మధ్య నుంచి దాటాల్సిన పనే లేదు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అయినా ఇక్కడ చాలామంది కారులోనే తిరుగుతారు. పెద్ద రోడ్డు మీద కారు ఆగకుండా దూసుకుపోతుంది, ఊరి మధ్యలో వేల సంఖ్యలో పార్కింగ్ గడులున్నాయి. సైకిల్ దారి ఇళ్ళ వెనక పొదల మధ్య వంకర్లు తిరుగుతుంది, చీకటి పడితే ఆడవాళ్ళకు భయం.

మాకంటే ముందు, 1946లో, స్టీవనేజ్‌ను ఇలాగే మొదలుపెట్టారు. దాని ఇంజనీరు ఎరిక్ క్లాక్స్‌టన్ స్వయంగా సైకిల్ తొక్కే మనిషి. ఊరంతా అద్భుతమైన సైకిల్ దారులు వేశారు. కారుకూ అంతే సులువైన రోడ్లు వేశారు. జనం కారే ఎంచుకున్నారు. హౌటెన్‌కూ దీనికీ తేడా అక్కడే ఉంది. సైకిల్ దారి ఉండటం ఒక్కటే చాలదు, అది కారు కంటే దగ్గరిదవ్వాలి.

మా ఊరిలో నాకు నచ్చే పని ఒకటుంది. సెంటర్‌లో పార్కింగ్ గడులకు రంగులుంటాయి. షాపులకు బాగా దగ్గరగా ఉన్నవి ఎరుపు, వాటికి ఎక్కువ రేటు. కాస్త నడవాల్సినవి ఊదా, తక్కువ రేటు. దగ్గరితనానికి ధర ఉంటుందని జనం మామూలుగానే ఒప్పుకున్నారు.

పొద్దుటి సైకిల్

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ చూసినవాళ్ళకు పై మాట వెంటనే అర్థమవుతుంది. 2023 అక్టోబరులో తెరిచారు, 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. నీడ ఉంటుంది, వానకు తడవం, పైనున్న పలకలు కరెంటు ఇస్తాయి. నేను వారాంతాల్లో వెళ్తాను, నిజంగా మంచి ట్రాక్. కానీ ఆఫీసుకు దాని మీద వెళ్ళలేను. మా ఇంటి నుంచి అక్కడిదాకా వెళ్ళడానికే భయం. చాలామంది సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వచ్చి తొక్కి వెళ్తారు. అక్కడ కారు పార్కింగ్ కావాల్సి వస్తోంది!

రేగడినేల గారికి రెండు సూచనలు. ముందు చక్రం మాత్రమే ఇరికించే కమ్మీల స్టాండు పెట్టకండి. సైకిల్ పక్కకు ఒరిగితే రిమ్ వంగుతుంది, ఫ్రేముకు తాళం వేయడానికి ఏమీ దొరకదు. తిరగేసిన యు ఆకారంలో ఉక్కు పైపు నేలలో పాతండి, దాన్ని షెఫీల్డ్ స్టాండు అంటారు. దానికి అటొకటి ఇటొకటి రెండు సైకిళ్ళు నిలుస్తాయి. పైపుకూ పైపుకూ మధ్య మీటరు వదలండి. వెల్డింగ్ షాపులో ఎవరైనా చేసిస్తారు. రెండోది, లండన్ ప్లాన్‌లో కొత్త ఇళ్ళకు సైకిళ్ళ లెక్క ఉంది. ఒక మనిషి ఉండే ఇంటికి 1, ఇద్దరుండే ఒంటి పడకగది ఇంటికి 1.5, అంతకంటే పెద్దవాటికి 2. మనకు ఇప్పుడే అంత అక్కర్లేదు. పెంచుకునే చోటు మాత్రం వదలండి.

మంగళగిరి టీచర్

"సైకిల్ ఎవరు తొక్కుతున్నారు" అన్న మాటకు నేను జవాబు చెప్పాలి. పిల్లలు తొక్కుతున్నారు. మా బడిలో ఆడపిల్లలకు బడికొస్తా పథకం కింద సైకిళ్ళొచ్చినప్పుడు ఎంతమంది చదువు మానకుండా ఆగారో నేను కళ్ళారా చూశాను. తుళ్ళూరు, మందడం, వెలగపూడి నేల చదునుగా ఉంటుంది, ఎక్కాల్సిన గుట్టలు లేవు. సచివాలయంలో, కట్టడాల దగ్గర పనిచేసే తోటమాలులు, వాచ్‌మన్‌లు, ఇళ్ళలో పనికొచ్చే ఆడవాళ్ళు సైకిల్ మీదే వస్తారు. కాబట్టి ఆ గదిని ఓనర్ల కోసం అనుకోకండి. మీ బిల్డింగులో పనిచేయడానికి వచ్చేవాళ్ళు సైకిల్ ఎక్కడ పెట్టాలి? వాళ్ళ సైకిల్ పోతే అది వాళ్ళ నెల బతుకు.

మా చిన్నప్పుడు ప్రతి సినిమా హాలుకూ, బస్టాండుకూ సైకిల్ స్టాండు ఉండేది. టోకెను ఇచ్చేవాడు, డబ్బులు తీసుకునేవాడు, సైకిల్ భద్రంగా ఉండేది. కారులో వచ్చినవాడు ఊరికే పెట్టుకునేవాడు. ఇప్పటికీ అలాగే ఉంది, సైకిల్ స్టాండు మాత్రం పోయింది. వెనక మూల డీజిల్ జనరేటర్ పక్కన గది కడితే ఎవరూ పెట్టరు. వాచ్‌మన్ కూర్చునే చోటు నుంచి కనపడాలి.

రేగడినేల

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ప్లాన్ మళ్ళీ గీశాను. సెల్లార్ తీసేశాను. స్టిల్ట్‌లో లిఫ్టుకు దగ్గరి వరస టూవీలర్లకూ సైకిళ్ళకూ ఇచ్చాను, కార్లు ఆ వెనక, మిగతా కార్లు షాపుల పైన పోడియం మీద. వాచ్‌మన్ గదికి ఎదురుగా, తలుపు లేని ఉక్కు జాలీ గదిలో షెఫీల్డ్ స్టాండ్లు. పనివాళ్ళకు కూడా అదే గది. మొదట రెండు కార్ల చోటు తీసుకున్నాను, అందులో పదహారు సైకిళ్ళు పడుతున్నాయి. పక్కనున్న రెండు కార్ల గడులు సందర్శకులవి. అవసరమైతే గదిని అటు పెంచుకోవచ్చు.

సామాన్ల బండికి షాపుల పక్క సందులో, కప్పు లేకుండా, 3.5 మీటర్ల వెడల్పు, 7.5 మీటర్ల పొడవు గడి ఒకటి. అక్కడి నుంచి లిఫ్టుకు ర్యాంపు ఉంటుంది, మెట్టు లేదు. గేటు లోపల డెలివరీ బండ్లకు వేపచెట్టు నీడ. చెట్టు పెరిగేదాకా రేకు వేస్తాం.

రిటైర్డ్ టీపీఓ

"సందర్శకులవి అవసరమైతే" అన్నారు, అది వద్దు. ప్లాన్‌లో సందర్శకులకని చూపించింది సందర్శకులకే ఉండాలి. గదిని పోడియం ర్యాంపు వైపు పెంచుకోండి. ఇంకోటి, ఆ సందు ఫైరింజన్ తిరిగే దారి కాదు కదా? సామాన్ల బండి ఆగితే ఫైరింజన్‌కు 6 మీటర్లు మిగలాలి. మిగలకపోతే గడిని లోపలికి జరపండి.

కూకట్‌పల్లి కార్యదర్శి

ఆ గడి ఖాళీగా కనపడితే వారం తిరిగేసరికి ఎవరో కారు పెట్టేస్తారు. నేల మీద పసుపు గీతలు గీయించండి, షాపుల సరుకు పొద్దున తొమ్మిదిలోపు, ఇళ్ళు మారేవాళ్ళు ముందురోజు చెప్పి ఆ తర్వాత అని బైలాలోనే రాయించండి. బేగంబజార్‌లో రోడ్డు మీదే సరుకు దింపుతుంటే ఏమవుతోందో అందరం చూస్తున్నాం. విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ వ్యాపారులు గొల్లపూడి కాంప్లెక్సుకు మారింది కూడా ఈ లారీల బాధతోనే. చిన్న ప్రాజెక్టుకైనా ఆ ఆలోచన ముందే ఉండాలి.

పునాది

ఒక ఫ్లాట్‌కు ఒక కారు గడి గ్యారంటీ అని బ్రోషర్‌లో మొదటి పేజీలోనే వేయండి, రెండోదానికి నెల అద్దె అని పక్కనే వేయండి. దాచిపెట్టి తర్వాత చెబితే గొడవ. సైకిల్ గది ఫొటో కూడా వేయండి, పిల్లలున్న తల్లిదండ్రులు చూస్తారు. స్టిల్ట్‌లో కొన్ని గడులకు ఎలక్ట్రిక్ చార్జింగ్ కోసం పైపు వదలండి, కేంద్రం 2019లో మోడల్ బైలాస్‌లో 20 శాతం గడులకు ఆ ఏర్పాటు ఉండాలని చేర్చింది. టూవీలర్ల వరసలో కూడా పాయింట్లు ఇవ్వండి, ఇప్పుడు స్కూటర్లే ఎక్కువ చార్జింగ్ అడుగుతున్నారు.

రేగడినేల

పోడియం ర్యాంపు వైపు జరిపాను సర్, మీరన్నది నిజం. సందు 9.5 మీటర్లు ఉంది, గడి పోను 6 మిగులుతోంది. గురువారం రైతులకు చూపిస్తున్నాం. ముఖద్వారానికి పెద్ద ఆర్చ్ కావాలంటున్నారు, దాని ఎత్తు ఎంత పెట్టమంటారు?

డెలివరీ బండి

సర్, మా కాలనీ ఆర్చ్ కింద డీసీఎం పట్టదు. సామాన్లన్నీ బయటే దింపి ఆటోలో వేసి తెస్తారు. ఎత్తుగా పెట్టించండి.

రిటైర్డ్ టీపీఓ

కింద 5 మీటర్ల ఖాళీ, వెడల్పు 6 మీటర్లు. రోడ్డు మీద తర్వాత ఇంకో పొర తారు వేస్తే ఎత్తు తగ్గిపోతుంది, కాబట్టి ఇంకో అడుగు కలుపుకోండి.